పుష్‌బ్యాక్ సీటు

ఖమ్మం ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ అయిన కళావతి భద్రాచలం బస్సులో ఉంది. పొద్దున బస్సెక్కించిన తమ్ముడు రవీందర్ ఫోన్ చేశాడు.

“సీటు వెనక్కి వాలుతలేదా? అదేందక్కా, పుష్‌బ్యాక్ అని రాసున్నది గదా!”

“రాసైతే ఉన్నది. గుంజితే పిడి చేతికొచ్చింది.”

“ఏసీ?”

“చల్లగనే ఉన్నది. పైనుంచి నీళ్లు గూడ కారుతున్నయ్.”

“థూ! లగ్జరీ అని పేరు పెట్టి డొక్కు బండి తోలుతరా? పాతదానికి రంగేసి జనాన్ని మోసం జేస్తరా? కండక్టర్‌కియ్యి ఫోను, అడుగుత.”

“నేనడిగిన. పేరే కొత్తదమ్మా, బండి పాతదేనన్నడు. ఆయనేం జేస్తడు పాపం.”

“కుట్లు గుంజుతున్నయా?”

“గుంత వచ్చినప్పుడల్లా కడుపు పట్టుకుంటున్న. నువ్వు ఫికర్ జెయ్యకు.”

“తప్పు నాదేనక్కా. మంచి బస్సని నేనే ఎక్కిస్తి.”

“నువ్వేం జేస్తవ్. కారు ఇంకా రాలేదంటివి గదా.”

“అవ్... షోరూమోళ్లు రేపు, మాపు అంటున్నరు. వచ్చుంటే వెనక సీట్ల పండుకోబెట్టి ఇంటికాడ దింపకపోదునా?”

“ఏ రంగుది?”

“తెల్లది. భద్రాచలం వచ్చిందా?”

“ఏం వచ్చుడు! దారిల టైరు పోయింది. ఇప్పుడే పాల్వంచల టీకి ఆపిండ్రు.”

“పాల్వంచలనా? ఇంకా పాల్వంచలనే ఉన్నరా? ఏ హోటల్ కాడ?”

“ఎందుకట్ల ఒర్రుతున్నవ్? నువ్వు యాడున్నవ్?”

“ఆఫీసుల. ఆఫీసులనే ఉన్న.”

“నా కిటికీ పక్కకు ఒక తెల్ల కారొచ్చి ఆగిందిరా. కొత్తది. ముందల బంతిపూల దండ. గుడి కాడ పూజ జేపియ్యనీకి పోతున్నట్టున్నరు.”

“చానా మంది పోతరక్కా. సరే, పనున్నది, మళ్ల జేస్త...”

“ఆగు. మీ అత్త దిగి కొబ్బరినీళ్లు తాగుతున్నది. నువ్వు స్టీరింగు మీదికి తలకాయ దించుకున్నవ్.”

“అక్కా...”

“పూజ కాకముందు దవాఖానా మనిషిని ఎక్కించొద్దన్నదా ఆమె?”

“అక్కా, నన్ను తిట్టు. చెప్పుతోటి కొట్టు. దిగక్కా, మన కారెక్కు. ఆమె ఏమన్నా అనుకోనియ్యి.”

“వద్దురా. నీ కొత్త బండి మంచిగుండాలని నాకు లేదా? ఒక్క మాట చెప్పుంటే, నేనే ఎక్కనని అందును.”