వారానికొకటి

కుందుర్పి బస్టాండు ఎదురుగా మందుల షాపు. పొద్దున్నే ఎండ మండుతోంది. కరెంటు లేదు.

"తీయి బావా ఆ దండ. నేనింకా బతికే ఉన్నా."

"నాయన వేసినాడు అర్చనా. కోడలి సర్టిఫికెట్టు అని మురిసిపోతాండాడు. నేను తీస్తే ఊరుకుంటాడా?"

"ఫోటో ఉండే సర్టిఫికెట్టుకు మల్లెపూల దండేంటి? వచ్చినోళ్లు చూసి, అయ్యో, ఈ పాప ఎప్పుడు పోయిందని అడగరా?"

"అడిగితే చెప్తాలే. పెండ్లయి రెండు నెలలు గూడా కాలేదు, నవ్వి నవ్వి పోయిందని."

"పో బావా! ఆగు, ఆ పొట్లంలో ఏముంది? చెప్పొద్దు, నేనే చెప్తా. ఉగ్గాని! బజ్జీ ఉందా?"

"రెండు. ఒకటి నీది, ఒకటి..."

"రెండూ నావే. ఫార్మసిస్టుకు ఒకటి, పెండ్లానికి ఒకటి. నువ్వు బొరుగులు ఏరుకో."

"కౌంటరు మీద పోయొద్దు. మనిషి వస్తాండాడు, మూతి తుడుచుకో. రాప్పా ఓబులేషూ, ఏం గావాల?"

"నోట్లో పుండ్లకు మందియ్యన్నా. అమ్మకు."

"ఓబులేషన్నా, తిరుపతికి పోయొచ్చినావే! గుండు ఎంత నున్నగా ఉందో. మాకు లడ్డేదీ?"

"లడ్డా... లేదక్కా. మందియ్యి, బస్సు పోతాది."

"ఇస్తా ఇస్తా. కారం ఎక్కువ తినిందా అమ్మ?"

"కారం యాడిదక్కా. రాగి గంజి గూడా దిగల్యా. గొంతు దాకా మంటంటాది."

"జ్వరం ఉందా?"

"ఒళ్లు కాలిపోతాండాది. చేతుల మీద నల్లగా మచ్చలొచ్చినాయి. యాడా తగిలించుకోల్యా."

"చిగుళ్ల నుంచి రక్తం?"

"నీకెట్ల తెలిసిందక్కా?"

"వేరే మాత్రలేమైనా వేసుకుంటోందా?"

"కీళ్లనొప్పులవే. పసుపు రంగువి, చిన్నవి. నువ్విచ్చినవే. అమ్మ గూడా అవే ఏసుకుంటాండాది."

"నేనిచ్చినానా?"

"నువ్వే గదా. అనంతపురం డాక్టరు చీటీ తెస్తిని. అప్పుడు నీ చేతుల్నిండా గోరింటాకు. నవ్వతా ఇచ్చినావు."

"ఆ... గుర్తొచ్చింది. నువ్వు బయట బండి మీద హారన్ కొడతాంటివి బావా, సినిమాకు టైమైపోతాదని. మరి ఎట్ల వేసుకుంటోందన్నా?"

"నువ్వు చెప్పినట్లే. వారానికొకటి."

"హమ్మయ్య! గుండె జారిపోయింది నాకు. బావా, ఆ నీళ్లు ఇటియ్యి."

"రెండు బజ్జీలూ నువ్వే తింటే గుండె జారక ఏమైతాది?"

"నీ కండ్లే పడినాయి వాటి మీద. సరే ఓబులేషన్నా, ఏ వారం వేసుకుంటుంది అమ్మ? సోమవారమా?"

"సోమవారం ఏసుకునింది."

"మంచిది. అయితే మళ్లా సోమవారం దాకా..."

"మంగళవారం ఏసుకునింది."

"ఏంటీ?"

"నిన్న బుధవారంది. ఈ పొద్దు బేస్తవారంది, పొద్దున్నే మింగింది. వారానికొకటి, మరిచిపోవద్దంటివి గదా. మాకు సదువు లేకున్నా చెప్పిన మాట తప్పమక్కా. ఒక్క వారం గూడా ఎగరగొట్టలేదు."

"అంటే... దినామొకటా?"

"అక్కా? ఏమట్ల చూస్తాండావు?"

"బావా, లోపలికి రా. ఒక్క నిమిషం."

"ఏమైంది?"

"ఆ మాత్ర ఏడు రోజులకొకసారి వేసుకోవాలి బావా. దినామూ మింగితే ఒంట్లో రక్తం పుట్టదు. నోరు, గొంతు, పేగులు, అంతా పుండే. మనిషి నిలవదు."

"మెల్లగా మాట్లాడు. నువ్వు వారానికొకటి అనే చెప్పినావు కదా. తప్పేముంది?"

"సోమవారమూ వారమే, మంగళవారమూ వారమే! ఈ ఊళ్లో 'ఈ పొద్దు ఏం వారం' అనే కదా అడుగుతారు? ఏడు రోజులకని ఎందుకనలేదు నేను? ఎట్ల వేసుకుంటావో నాకు తిరిగి చెప్పన్నా అని ఎందుకడగలేదు? కాలేజీలో ఎన్నిసార్లు చెప్పించినారో ఆ ఒక్క మాట."

"నువ్వు సరిగ్గా చెప్పినావు, వాళ్లు తప్పుగా వినినారు. అంతే. పుండ్లకు మందిచ్చి, ఆ మాత్రలు ఆపమని పంపు. ఎందుకని చెప్పాల్సిన పని లేదు."

"ఆపితే చాలదు. ఆసుపత్రిలో దానికి విరుగుడు సూదులుంటాయి. ఈ పొద్దే పడాలి. లేకుంటే ఆమె బతకదు."

"అయితే పెద్దాసుపత్రికి పొమ్మను. మన మాత్రలని మాత్రం అనొద్దు."

"ఏం మింగిందో తెలియకుంటే వాళ్లు దేనికి విరుగుడిస్తారు బావా?"

"ఇది కుందుర్పి అర్చనా. సాయంత్రానికి జనమంతా షాపు ముందుంటారు. నాయన తల యాడ పెట్టుకుంటాడు? ఆ గోడ మీద నీ సర్టిఫికెట్టు ఉంటాదనుకున్నావా?"

"దిగనీ. దండతో సహా దిగనీ."

"పిచ్చిదానా, మనమింకా..."

"నూటెనిమిదికి ఫోన్ చెయ్యి బావా. నువ్వు చేయకుంటే నేను చేస్తా."

"అక్కా! డ్రైవరు హారన్ కొడతాండాడు. మందిస్తే పోతా."

"బస్సు వద్దు ఓబులేషన్నా. ఇట్ల కూర్చో. అమ్మ దగ్గర ఎవరున్నారిప్పుడు?"

"గంగాదేవి, మా చెల్లెలు."

"ఆమెకు ఫోన్ చేసి ఆ మాత్రలు తీసి పక్కన పెట్టమను. అమ్మకు ఇంకొక్కటి గూడా ఇయ్యొద్దు. షీటు పారేయొద్దు, డాక్టరుకు చూపించాలి. ఆంబులెన్సు మీ ఇంటికే వస్తాది. నేనూ వస్తా."

"పుండ్లకు ఆంబులెన్సేందక్కా?"

"అన్నా, విను. ఆ మాత్రల వల్లే ఆ పుండ్లు. ఏడు రోజులకొకటి వేసుకోవాల్సినవి అవి. నీకు అర్థమయ్యేట్ల నేను చెప్పలేదు. తప్పు నాది. నీది కాదు, అమ్మది కాదు."

"అర్చనా!"

"నువ్వు ఫోన్ చూడు బావా. ఓబులేషన్నా, నన్ను ఏమన్నా అను, తర్వాత అను. ముందు ఇది చెప్పు. అమ్మ ఎన్ని మింగింది? రెండు షీట్లూ అయిపోయినాయా?"

"అన్ని యాడివక్కా. ఏడో ఎనిమిదో. మిగిలినవే గదా."

"మిగిలినవేంటి?"

"ఆ చీటీ నాయనది. నువ్వు పేరు చూడల్యా? నాయనే ఏసుకుంటాండె, వారం తప్పకుండా. ఆయనకూ ఇట్లనే నోరంతా పుండ్లు, జ్వరం. వయసు మీద పడిందిలే అనుకుంటిమి. మిగిలినవి పారేసేదెందుకు, నా మోకాళ్లకన్నా పనికొస్తాయని అమ్మ మొదలుపెట్టింది."

"అన్నా... నాయన ఇప్పుడు యాడున్నాడు?"

"నేను తిరుపతికి పోలేదక్కా."