పేరు పెట్టి చెప్పు

పోలేరి అని ఒకతి ఉండేదంట. యాడో కాదు, మన మాదిగపల్లెలోనే, మా జేజమ్మోళ్ళ ఇంటి వెనకిల్లే. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతా ఉంటే వాళ్ళమ్మ పోలేరమ్మ తల్లికి మొక్కుకోని కన్నదంట, అందుకని ఆ పేరు. పెళ్ళయింది, ఒక ఆడపిల్ల పుట్టింది, అంతలో మొగుడు కలరా తగిలి పొయ్యాడు. ఏమైందంటే, పీనుగును ముట్టుకుంటానికి సొంత అన్నదమ్ములు గూడా రాలా. భయం గదా మరి. పక్కూళ్ళో బైబిలు వాక్యం చెప్పే యేసోబు పంతులు దారిన పోతా చూసి, పైపంచె నడుముకు బిగించి ఒక్కడే భుజానేసుకోని పొయ్యాడంట. నీకు భయం లేదా అయ్యా అని పోలేరి అడిగింది. నా కోసరం సావుకెదురు పోయినాయన ఒకాయన ఉండాడమ్మా, ఆయన మనిషిని, నేనెందుకు భయపడాల అన్నాడంట. ఇంకేముంది, పంతులు చెప్పిన ఆ దేవుణ్ణి పట్టుకుంది. పట్టుకుందంటే ఉడుంపట్టే అనుకో. ఊరి కుంటలో మునిగి బాప్తీసం తీసుకుంది. దానమ్మ అని పేరు పెట్టారు. బిడ్డకు రూతు.

ఇదిగో, తగువు ఇక్కడ మొదలైంది. అప్పట్లో మన వైపు కూలి ఎట్టా పోసేవాళ్ళు? పొద్దుగూకినాక కూలోళ్ళంతా కళ్ళం గట్టున నిలబడాల. ఆసామి తన నోటితో పేరు పెట్టి పిలిస్తే, పలికి, పోయి కొంగు పట్టాల. మానెడు జొన్నలు పోస్తాడు. పలక్కుండా కొంగు పట్టగూడదు, అది కట్టుబాటు. చెంచురామయ్య అని పెద్ద ఆసామి, ఆయన చేలో కోత. పోలేరీ అన్నాడు. పలకలా. ఒసే పోలేరీ, చెవుడొచ్చిందా ఏందే అన్నాడు. అప్పుడు ఈమె ఏమందంటే, “పోలేరి లేదయ్యా. కుంటలో మునిగి సచ్చిపోయింది. పైకొచ్చింది దానమ్మ.” ఆయనకు ఎక్కడలేని కోపమొచ్చింది. “నీ యమ్మ పెట్టిన పేరు చేదయిందా? నా చేలో నేనేం పిలిస్తే అదే నీ పేరు!” “చేను నీదయ్యా, కాదనను. పేరు మాత్రం నీ చేలో పండలా.” అట్టనే అందంట, అంతమందిలో! నవ్వమాకండి, మీరైతే అనగలరా? జొన్నలు పొయ్యలా. ఉత్త కొంగు దులుపుకోని ఇంటికి పొయ్యింది.

పోయినామె మళ్ళా తెల్లారేసరికి కొడవలి పట్టుకోని వచ్చి సాలులో నిలబడింది. ఆయనేం వద్దనలా. ఊరికే వచ్చే చాకిరీ ఎవురికి చేదు? కోస్తది, సాయంత్రం పోలేరీ అంటాడు, పలకదు, ఉత్త కొంగుతో పోద్ది. కోతలున్నన్నాళ్ళూ ఇదే తంతు. ఎందుకు పోతావే సిగ్గులేకుండా అని తోటోళ్ళు అడిగితే, పోకపోతే దానమ్మ జడిసింది అనుకుంటారు, అందుకు పోతా అనేదంట. పోలేరమ్మ తల్లి మీద కోపమొచ్చిందా నీకు అని ఒకామె అడిగింది. “ఆ తల్లితో నాకేం తగువు? నేనిప్పుడు ఇంకొకాయన మనిషిని, అంతే” అంది. ఇంటికాడ చూస్తే కుండలో చింతాకు తప్ప ఇంకేం లేదు. అమ్మా, ఒక్కసారి ఊఁ అనవే, ఆకలయితంది అని రూతు ఏడుస్తంది. తల్లి గూడా ఏడ్చిందంట. ఏడవకుండా ఉంటానికి అదేమన్నా రాయా? ఏడ్చింది, అయినా పలకలా. చివరికి పంతులే వచ్చాడు. “దేవుడు మనసు చూస్తాడమ్మా, పేరు చూడడు. బిడ్డ మాడిపోతంది, పలుకు” అన్నాడు. ఆయన మీదకు లేచింది చూడు! “ముంచింది నువ్వే గదయ్యా? నువ్వు ఉత్తిత్తినే ముంచావేమో, నేను మాత్రం ఉత్తిత్తినే మునగలా.” 

కోతలైనయ్యి, నూర్పిళ్ళైనయ్యి, తూర్పారపట్టి రాశి పోశారు. రాశి దగ్గర ఇంకో కట్టుబాటుంది. చేసినోళ్ళందరికీ ఆ పూట కూలి పొయ్యకుండా గింజ ఇంటికి ఎత్తగూడదు, ఎత్తితే అచ్చిరాదు. సందెపొద్దు, పడమట మబ్బు నల్లంగా దిగింది. అందరికీ పోశాడు. ఈమె ఒక్కతే మిగిలింది. “పోలే...” అన్నాడో లేదో, ఆసామి వాళ్ళమ్మ మాలకొండమ్మ కళ్ళం ఎగిరిపోయేటట్టు అరిచింది. “ఒరే, నోరు ముయ్యరా! అది సచ్చిందని దాని నోటితోనే చెబుతంది గదరా! లచ్చిందేవి లాంటి రాశి ముందర, సందెపొద్దున, సచ్చినదాన్ని పేరెట్టి పిలుస్తావా? అది పలికితే ఏం జేస్తావురా?” ఆసామి జడుసుకున్నాడు. ఆ పేరు ఇంక నోటికి రావటల్లా. ఒసే అన్నాడు. కదల్లా. ఏయ్, నిన్నే అన్నాడు. “గొడ్డును గూడా పేరు పెట్టి పిలుచుకుంటావు గదయ్యా” అంది. మబ్బు ఉరిమింది. ఒక చుక్క రాశి మీద పడింది. ఇంకో చుక్క ఆయన బట్టతల మీద పడింది. “దానమ్మా!” అని అరిచాడు. “ఏందయ్యా!” అని పలికింది, కొంగు పట్టింది.

పోసింది ఒక్క పూట కూలే. మిగతాదంతా మింగాడు. మంట మాత్రం ఆరలా. “రేపట్నించి నా చేలో అడుగు పెడితే కాళ్ళు ఇరగ్గొడతా” అన్నాడంట. “ఎవురివయ్యా?” అంది. “నీయే!” “నేనంటే ఎవురు? ఇంతమంది ఆడోళ్ళున్నారు, పేరు పెట్టి చెప్పు.” ఒళ్ళు మండిపోయి ఆయన ఊరంతా ఇనపడేటట్టు కేకేశాడు. “నువ్వేనే, దానమ్మా! నువ్వే, దానమ్మా!”

పని పొయ్యింది. ఆయన మాటకు జడిసి ఆ ఊళ్ళో ఎవురూ ఆమెను కూలికి పిలవలా. సచ్చిందాకా ఏటవతలూరికి నడిచి పోయేది, కాళ్ళు పుండ్లు పడినయ్యి, అగచాట్లు పడింది. పడలేదంటే నా నోట్లో పురుగులు పడతయ్యి. అయితే నన్నడిగితే ఒక మాట చెబుతా. యేసోబు పంతులు పెట్టిన పేరు పల్లె దాటలా. ఊళ్ళో అందరికీ తెలిసేటట్టు రెండో బాప్తీసం ఇచ్చింది చెంచురామయ్యే. పైగా వాన గూడా వచ్చె.