చంకలో గాజుపలక

కూర్చో. ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్, చలికని కాదులే, పక్కింటాయన చెవులు పొడుగు. ఊఁ, మందలోకి కోడెను కొంటున్నావన్నమాట. అమ్మేవాడు మంచివాడంటావు. అంత మంచి కోడెను ఎందుకు వదులుకుంటున్నాడో అడిగావా? అడగలేదు. సరే. టేపాయన సంగతి ఎవరు చెప్పారు నీకు? మీ నాన్నా? ఇంకేం చెప్పాడు? ఏం లేదా... సరేలే. ఆయన పశువుల ఆసుపత్రిలో ఉండేవాడు, నాకప్పటికి ముప్పై దాటలేదు. విత్తనానికి వదిలే ఏ గిత్తనైనా ముందు ఆయన చూసి కాగితం రాయాలి. దర్జీలాగా మెడలో టేపు వేసుకుని తిరిగేవాడు. గిత్తను నడిపించి కాళ్ళు చూసేవాడు, కళ్ళు చూసేవాడు, ఆ తర్వాత వెనక్కి వెళ్ళి విత్తుల సంచి చుట్టూ టేపు వేసేవాడు. తన్నే జంతువు కదా, "ఒక్క నిమిషం నాన్నా, అయిపోయింది" అని దాంతో మాట్లాడుతూనే, రెండూ సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా గడ్డ తగులుతోందా అని తడిమి చూసేవాడు. నవ్వకు, అదే ఆయన ఉద్యోగం.

అదయ్యాక వీర్యం పట్టి మైక్రోస్కోపు కింద చూడాలి. అదిగో, అక్కడే నాకు అనుమానం. బల్ల మీద గాజుపలకల పెట్టె ఉంటుంది. ఆయన అందులోంచి తియ్యడు. చొక్కాలో చెయ్యి పెట్టి చంకలోంచి ఒక పలక తీస్తాడు. ప్రతిసారీ అంతే. దాని మీద చుక్క వేసి, కన్ను ఆనించి, బాగుందనో లేదనో రాసేస్తాడు. పెట్టెలో అన్నుండగా చంకలో ఎందుకు? పని మానుకుని నాలుగు వారాలు కిటికీ దగ్గర నిలబడి చూశాను. పాలసంఘం పెద్దాయన గిత్త నెగ్గింది. ఆయనా ఈయనా కలిసి టీ తాగుతారు. ఇంకేం, నాకు అర్థమైపోయింది. మంచి గిత్త చుక్క ముందే పూసిన పలకలు చంకలో పెట్టుకొస్తున్నాడు, కావలసినవాళ్ళ వంతు వస్తే అవి తీస్తున్నాడు. మీ నాయనమ్మతో అంటే, "ఆయన్ని చూస్తే అలాంటి మనిషిలా లేడే" అంది. నువ్వు ఊరుకో, నీకందరూ మంచివాళ్ళే అన్నాను.

మన గిత్త వంతూ వచ్చింది. ఈనగానే తల్లి చచ్చిపోతే మీ నాయనమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది దాన్ని. ఆమె తాడు పట్టుకుంటేనే కదిలేది, అందుకని ఆమె కూడా వచ్చింది. నెగ్గితే చుట్టుపక్కల ఆవులన్నీ దాని దగ్గరికే. లేదంటే విత్తులు కొట్టించి బండికి కట్టడమే. కొలత బాగా వచ్చింది, ముప్పై ఆరు సెంటీమీటర్లు. ఆ పొద్దున ఎంత చలంటే, మాట్లాడితే నోట్లోంచి పొగ. ఆయన చొక్కాలో చెయ్యి పెట్టగానే మణికట్టు పట్టుకున్నాను. "అది వద్దు. అందరూ చూస్తుండగా ఆ పెట్టెలోంచి తియ్యి" అన్నాను. పదిమంది చేరారు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. "ఇలా చేస్తే మీకే నష్టమండీ" అన్నాడు. చూశారా, బెదిరిస్తున్నాడు అన్నాను నేను. పెట్టెలోంచే తీసి, చుక్క వేసి, చూసి, నన్నూ చూడమన్నాడు. చుక్కలో ఒక్క వీర్యకణమూ కదలడం లేదు. మళ్ళీ పరీక్ష చెయ్యాలని రాసి, మర్నాడు తెమ్మన్నాడు. మర్నాడెందుకంట? ఈలోగా నేను ఆయన ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనేగా? వెళ్ళలేదు. పంతంకొద్దీ వారం తిరక్కుండా గిత్తకు విత్తులు కొట్టించేశాను. మీ నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన మీద అర్జీ పెట్టాను, పలకలు మారుస్తున్నాడని, ఆ పదిమంది చేతా సంతకాలు పెట్టించి. పైనుంచి సంజాయిషీ అడిగితే ఆయన జవాబు రాయలేదు. ఉద్యోగం వదిలేసి, భార్యాబిడ్డల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేశాడు కాబట్టే జవాబు లేదని అందరికీ నేనే చెప్పాను. రెండేళ్ళకి పోయాడని విన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత అదే ఆసుపత్రికి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఆ పలకల్ని కరెంటు పెట్టె మీద వెచ్చబెట్టి వాడుతోంది. ఎందుకమ్మా అన్నాను. ఈవిడేం దాస్తోందో అని అడిగాన్లే, బుద్ధి ఎక్కడికి పోతుంది. చల్లటి గాజు తగిలితే వీర్యకణాలు బిగుసుకుపోతాయట, బతికున్నవి కూడా చచ్చినట్టే కనిపిస్తాయట. మరి కరెంటు లేని రోజుల్లో అన్నాను. "ఒంటికి ఆనించి పెట్టుకునేవాళ్ళేమో" అంది. ఇంటికెలా వచ్చానో తెలీదు. మీ నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె మీద అరిచాను, ఆ మనిషి ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పుంటే ఏం పోయేది అని. ఆమె తలెత్తలేదు. "చెప్పాడు" అంది. ఆ రోజు గేటు దగ్గర గిత్తను పట్టుకుని నిలబడితే వచ్చి చెప్పాడట, గిత్త బాగుందమ్మా, చలికి అలా అయింది, మీ ఆయన కోపం తగ్గాక రేపు తీసుకురండి అని. మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్పాను. ఆ సాయంత్రమే చెప్పాను. ఆయనకి నీతో అంతసేపు మాటలేంటని అడిగారు."

అడిగాను. అదొక్కటే కాదు, ఇంకా అడిగాను. అవి నీకు చెప్పను. ఆమె పోయేదాకా నాతో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీ కోడెకి ఎన్ని పళ్ళు వచ్చాయన్నావు?