గుట్టెక్కిన నల్లా

"నాయనమ్మా, సర్కారు కట్టినయి ఎందుకు పనిచెయ్యకుండ పోతయి? ఇంజనీరింగు కాలేజీల రాసుకొని రమ్మన్నరు."

ఏమో బిడ్డా, నేనేం చదివిన? నాకు తెల్సింది ఒక్క నల్లా ముచ్చట. మట్టల ఆదివారం తెల్లారి, సోమవారం, పొద్దుగాల పదిన్నర. మంచిగ యాదికున్నది, ఎందుకంటే చర్చిల ఇచ్చినయి, దర్వాజకు కట్టిన ఈత మట్టలు ఇంక వాడలేదు. చిలకలగూడల మా గల్లీ నల్లాకు ఆ రోజు ఓపెనింగు. మీ నాయన అప్పుడు నా కడుపులున్నడు, ఎనిమిదో నెల.

అప్పటిదాక నీళ్ళంటే రైలు పట్టాలు దాటి అవతలి నల్లా కాడికి పోవాలె. మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె ఉండె, దానికి కళాయి పెట్టిస్తే ముప్పావలా... సరే, అది ఇడువు. ఒకసారి కంకర మీద కాలు జారి కూలబడ్డ. బిందె సొట్టపోయింది గని కడుపుకేం కాలే, దేవుని దయ. అప్పటిసంది నా పానమంత ఆ కొత్త నల్లా మీదనే.

మొదలు ఓవర్సీర్ పిల్లగాడు వచ్చి సున్నంతోని గుర్తు పెట్టింది ఎక్కడనుకున్నవ్? మన ఇంటి ముంగటనే. గల్లీల అన్నిటికన్న పల్లం మనదే కద. నాకైతే లోపల ఎంత సంతోషమో! మా అత్తమ్మ బయటికొచ్చింది. "వద్దు బాబూ, మా ముంగట పెడితే మేమే గుంజుకున్నమంటరు. గుడి కాడ మల్లయ్య ఇంటి ముంగట పెట్టు" అన్నది. మల్లయ్య ఊకుంటడా? "అయ్యో, మాకెందుకమ్మా! హమీదా ఆపా ఇంట్ల నమాజుకు నీళ్ళు కావాలె, ఆడ పెట్టుండ్రి" అన్నడు. హమీదా ఆపా దుపట్ట సదురుకుంట, "నై నై భయ్యా, మా తక్లీఫ్ ఏముంది, ఎట్లనో తెచ్చుకుంటం. పైన గుట్ట మీద బడి ఉన్నది కద, పిల్లలు దాహంతోని సస్తున్నరు" అన్నది. ఆ మాటకు అందరు సప్పట్లు కొట్టిండ్రు. మా గల్లీ మర్యాద అసొంటిది బిడ్డా, ముందు నువ్వు, ముందు నువ్వు అనుకుంటనే నల్లా గుట్టెక్కింది.

ఓపెనింగు నాడు సర్కారు పెద్దమనిషి ఒకాయన వచ్చిండు. టెంకాయ కొట్టిండ్రు, పాస్టరయ్య ప్రార్థన చేసిండు, ఫాతెహా సుత చదివిండ్రు. నల్లా తిప్పిండ్రు. 'ఫుస్' మన్నది, అంతే. "గాలి పట్టింది, జెర ఆగుండ్రి" అన్నరు. దండలు ఎండినయి, పెద్దమనిషి కారెక్కిండు. నల్లా కింద బిందె పెట్టుకొని నేనట్లనే నిలవడ్డ.

ఓవర్సీర్‌ను పక్కకు పిలిచి మెల్లగ అడిగిన. "బాబూ, నీళ్ళు అంత పైకి రావని నీకు తెల్వదా?"

"తెలుసు అక్కా. మీరందరు గంత ప్రేమతోని ఒకరికొకరు ఇచ్చుకుంటుంటే, నడుమ నేను నోరెట్ల తెరవాలె?"

"మరి ఇప్పుడు కిందికి మార్చరాదా?"

"పని అయిపోయిందని పై ఆఫీసుకు కాయితం పోయింది కదక్కా. మళ్ళ షురూ చెయ్యాలంటే, కాలేదని ఎవరో ఒకరు ఒప్పుకోవాలె." పాపం, ఆ పిల్లగాని మొఖం సుత సిన్నబోయింది.

ఇప్పటికీ అదే ఆలోచన చేస్త బిడ్డా. ఒక్క పైస ఎవరు తినలే. ఒక్కరు సుత చెడ్డోళ్ళు కాదు. మరెట్ల పాడైంది? వేరేకాడ తినుటోళ్ళుంటరేమో, నాకు తెల్వదు. మా కాడ మాత్రం ఎవరికి కావాలెనో వాళ్ళు "మాకు కావాలె" అనలే, తెలిసినోడు "రాదు" అనలే. ఆ నల్లా ఏండ్లకేండ్లు అట్లనే ఉండె. మేకలు కట్టేసేటోళ్ళు దానికి.

ఓపెనింగు నాడు రాత్రి ప్రార్థన కాడ అత్తమ్మ ఆమెన్ అనలేదు. మోకాళ్ళ మీద అట్లనే ఉండిపోయింది.

తెల్లారి లేచి చూస్తె బిందె లేదు. అత్తమ్మ, ఇంట్ల ఎన్నడు నీళ్ళు మొయ్యని మనిషి, పట్టాలు దాటి వస్తున్నది. మీ తాత ఉరికి అందుకోబోతే ఇయ్యలే. గడపల దించి, కొంగుతోని మొఖం తుడ్సుకొని, నన్ను చూసి "నువ్వు కూసో" అన్నది. అంతే. మీ నాయన పుట్టేదాక నన్ను బిందె ముట్టనియ్యలే.

రాసుకుంటున్నవా? రాసుకో. నువ్వు ఇంజనీరు అయినంక, పెద్దోళ్ళందరు ఒక్కమాట మీదున్నా సరే, నీళ్ళు ఎక్కవంటే ఎక్కవని చెప్పే నోరు ఆ ప్రభువు నీకియ్యాలె తల్లీ. మెల్లగనే చెప్పు... గని చెప్పు.