ఏడో గ్లాసుకి వచ్చిన ప్లేటు

గోన్సా: నమ్మే దమ్ముంటేనే చదవండి, లేకపోతే ఫోన్లు పడేసి పడుకోండి. నోయెలియా, నువ్వు మాత్రం చదవాల్సిందే, శనివారం నీ పుట్టినరోజు ఎక్కడో ఇవాళే తేల్చాలి కదా, ఫెర్మీన్ గాడి బర్గర్ల కొట్టుకి సరేననే ముందు నేను నిన్న వెళ్ళిన తపాస్ బార్ సంగతి విను, గ్లాసు గ్లాసుకీ ఓ చిరుతిండి ప్లేటు ఊరికే ఇస్తారే, అలాంటిది. అల్బైసిన్ కొండపేటకి ఎక్కే సందులో, నీలం తలుపు

ఫెర్మీన్: మళ్ళీ మొదలెట్టాడ్రా బాబూ

గోన్సా: నోర్ముయ్. వెళ్ళానా, ఒక గ్లాసు ద్రాక్షరసం అన్నా. గ్లాసుతో పాటు ఊరికే ఆలివ్ కాయలొచ్చాయి, అందులో గొప్పేముంది, గ్రెనడాలో ఎక్కడైనా వస్తాయి. రెండో గ్లాసుకి వేయించిన వంకాయ, పైన చెరకు పాకం. ఇక్కడుంది మజా. ముక్క ఎత్తితే పాకం తీగ సాగింది, సాగింది, తెగదే! వెనక్కి నడిచా, తలుపు దాటా, సందు దాటా, కొండ పైదాకా వెళ్ళా, కింద కౌంటర్ మీద ప్లేటు, పైన నా నోరు, మధ్యలో బంగారు తీగ, దాని మీద వరసగా పిచ్చుకలు కూర్చుని ఊగుతున్నాయి

నోయెలియా: అతుక్కుపోలేదా?

గోన్సా: పోయాయి, అందుకే ఇంకా అక్కడే పాడుతున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బార్ ఆవిడ ఎన్కార్నా "ఈ అబ్బాయికి మూడోది!" అని వంటింట్లోకి ఒక్క కేకేసింది. కుందేలు మాంసంతో అన్నం. మూత తీయగానే ఆవిరి లేచి నది మీదికి దిగింది, ఊరంతా మసక మసగ్గా, కుంకుమపువ్వు వాసన, బస్సులు నిద్రలో నడిచినట్టు మెల్లగా పోతున్నాయి, మన లెక్కల సారు వంతెన మీద నిలబడి నవ్వుకుంటున్నాడు

ఫెర్మీన్: ఆయన నవ్వాడా? దొరికిపోయావ్ రా

గోన్సా: పళ్ళు కూడా చూశా. నాలుగూ ఐదూ ఆరూ చెప్తే ఆకలేసి ఏడుస్తారు, వదిలేస్తున్నా. ఏడోది వినండి. అది ఇంతవరకూ ఎవరికీ రాలేదట. ఎన్కార్నా దీపాలు తగ్గించింది. ప్లేటు ఖాళీ. ఏంటిది అన్నా. "కాస్త ఓపిక పట్టు నాయనా" అంది. అంతలో సియెర్రా నెవాడా కొండ మెల్లిగా వంగి, ఆవు మూతి పెట్టినట్టు గుమ్మంలోంచి తల పెట్టి, నెత్తి మీది మంచు ఒక్క చెంచాడు ప్లేట్లోకి జార్చి, మళ్ళీ వెళ్ళి పడుకుంది. తిన్నా. మధ్యాహ్నం నిద్రలేచాక కల ఇంకా వదలనప్పుడు ఉంటుందే, అదీ రుచి. అప్పట్నుంచీ నా కాళ్ళు నేలకి ఆనట్లేదు, ఇదిగో, సీలింగ్ దగ్గర తేలుతూ టైప్ చేస్తున్నా

నోయెలియా: గోన్సా, అన్నీ నమ్మా. కొండని కూడా. ఒక్కటి చెప్పు. ఎవరితో వెళ్ళావ్?

గోన్సా: ఎవరితో ఏంటి? ఒక్కణ్ణే

ఫెర్మీన్: హహహహ అయిపోయాడు

నోయెలియా: ఒక్కడివే తపాస్‌కా? మా తాత ఇంట్లో అందరితో గొడవపడ్డ రోజు కూడా పక్కింటాయన్ని లాక్కుని మరీ వెళ్తాడు. కొండ నడిస్తే నడిచింది గానీ, ఈ ఊళ్ళో ఒంటరిగా తపాస్‌కి వెళ్ళినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. నువ్వసలు లోపలికే వెళ్ళలేదు

ఫెర్మీన్: అయితే బర్గర్లే!

నోయెలియా: కాదు. గోన్సా చెప్పిన చోటికే. పాపం, ఈసారి లోపలికి తీసుకెళ్దాం

గోన్సా: ఆగాగు, తీసుకెళ్దాం అంటే ఎవరెవరు? నువ్వూ నేనేనా, లేక ఈ ఫెర్మీన్ గాడు కూడా... అబ్బా, అమ్మ అరుస్తోంది, పప్పు చల్లారిపోతోందట, ఇప్పుడే రాకపోతే ఫోన్ లాక్కుంటుందట, ఎవరూ కదలకండి, నోయెలియా, నువ్వు అసలు