వియ్యపురాలి గొంతు

పెళ్లికి ఇంకా పది రోజులుంది. పెళ్లికూతురు ఆఫీసుకు వెళ్లగానే కాబోయే అత్తగారు వాళ్లింటికి వచ్చి, వరండాలో కుర్చీ మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర పెళ్లికూతురి తండ్రి కుక్క గొలుసు పట్టుకుని నిలబడ్డాడు.

“దీన్ని పెళ్లికి తీసుకురానని మా అమ్మాయి ఒప్పుకుందిగా చెల్లెమ్మా. మళ్లీ మీకీ అవస్థ ఎందుకు?”

“ఒప్పుకుని మొహం అటు తిప్పుకుంది. నేను చూశాను అన్నయ్యగారూ. పదేళ్లు తన గదిలోనే పెరిగిందట కదా ఇది. నా భయం మూలంగా ఆ పిల్ల పెళ్లిలో వెలితి ఉండకూడదు. ఒక్కడుగు ముందుకు తీసుకురండి.”

“చిన్నప్పుడు మిమ్మల్ని కరిచిందన్నారు.”

“పిక్క పట్టుకుంది. ఎక్కడిదో వీధికుక్క. దాని పాపం దీనికెందుకు అంటగట్టడం? ఇంకో అడుగు.”

“తోక ఊపుతోంది చూడండి.”

“తోకతో నాకు పేచీ లేదు. ఇటు చివరతోనే భయం. అదిగో, మీదికొస్తోంది.”

“మీరే ఆపండి. కాస్త గట్టిగా చెబితే వింటుంది.”

“గట్టిగానా? ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని. కూర్చో.”

“చూశారా, ఎలా చతికిలబడిందో.”

“చూశాను. మరి మీరెందుకు గడప మీద కూర్చున్నారు?”

“ఆ గొంతు విన్నాక నిలబడటం ఎవరి తరం చెల్లెమ్మా? పెళ్లిరోజు దీని గొలుసు మీ చేతికే ఇస్తాను.”

“గొలుసెందుకండీ, నా మాట వింటుందిగా. మీరిక లేవచ్చు.”