పానా పట్టని రోజు

ఏళ్లుగా మూలనపడి ఉన్న పాత డ్రిల్లింగ్ మిషన్ మీది రంగు గీకుతుంటే, దాని తలను స్తంభానికి పట్టి ఉంచాల్సిన బోల్టు ఊడి అమ్మాయి చేతిలోకి వచ్చేసింది. దానికి మర ఉండే కాడే లేదు, లక్కతో అంటించిన తల మాత్రమే ఉంది.

"బాబాయ్, ఇది చూడు!"

"పాతది కదమ్మా, విరిగుంటుంది. కొత్తది వేసి బిగించెయ్."

"విరిగితే విరిగింది, లక్క పెట్టిందెవరు? ఈ మిషన్ తల జారే కదా నాన్న కుడిచెయ్యి నుజ్జయింది! బోల్టు బిగించుకోవడం చేతకానివాడని పనిలోంచి గెంటేశారు. నువ్వూ వాళ్లకి వంతపాడావు."

"పోయినవాడి సంగతి ఇప్పుడెందుకమ్మా తవ్వడం?"

"పానా పట్టి బోల్టులు చూడకుండా నాన్న ఏనాడూ మిషన్ వేసేవాడు కాదు. ఆ ఒక్కరోజు ఎందుకు చూడలేదు బాబాయ్?"

బాబాయ్ నూనెగుడ్డ పక్కన పెట్టి, ఆమె చేతిలోంచి బోల్టు తలను తీసుకున్నాడు.

"ముందురోజు దాన్ని విరగ్గొట్టింది నేనే. మేస్త్రీ తిడతాడని తల అంటించాను, పొద్దున్నే మార్చేద్దామని. నేను కొత్తది తెచ్చేలోపే అన్నయ్య పానా తీశాడు. దొరికిపోతానని భయమేసి, 'నేను బిగించేశాలే అన్నయ్యా' అన్నాను. నా మాట నమ్మి పానా పక్కన పెట్టేశాడు. నేనలా అన్నానని చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదమ్మా, మీ నాన్న."